ఒకే ముత్తాత, మూడు చావులు, ఒక తిరుగు ప్రయాణం

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, గజపతినగరం దగ్గర పల్లె. మా నాన్నగారి తాత (పేరు అప్పన్న అనుకోండి) కడుపుతో ఉన్న భార్యను వదిలి, కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికాలోని నెటాలు వెళ్లాడట. ఓడలోనే పోయాడని, శవాన్ని సముద్రంలో వేసేశారని మా ఇంట్లో అందరూ చెబుతారు. ఈమధ్య కాగితాలు వెతికితే అంతా తారుమారైంది. 1896 నాటి ఓడ జాబితాలో అప్పన్న ఉన్నాడు: తండ్రి నరసయ్య, వయసు 24, విశాఖపట్నం జిల్లా. ఇంటర్నెట్‌లో నాలుగు వంశవృక్షాలు ఆయన 1899లో అక్కడి చెరకు తోటలో చనిపోయాడంటున్నాయి. 1902లో మద్రాసుకు తిరుగు ఓడ ఎక్కినవాళ్ల జాబితాలో 29 ఏళ్ల అప్పన్న ఒకడున్నాడు. ఇవి చాలవన్నట్టు డర్బన్ నుంచి ఒకావిడ, ఆయన తన ముత్తాత అంటోంది. 1931లో అక్కడే పోయాడట, మరణపత్రంలో తండ్రి పేరు నరసింహులు, ఊరు చికాకోలు. అక్కడ వేరే భార్య, ఐదుగురు పిల్లలు. మా నాన్నకు ఎనభై దాటాయి. పిఠాపురం తీసుకెళ్లి తాతకు పిండం పెట్టించమంటున్నారు. ఎప్పుడు, ఎక్కడ పోయాడని పెట్టించాలి? మా ముత్తవ్వను ఆయన మోసం చేశాడా?

జవాబు:

అమ్మా,

మీరు రెండు ప్రశ్నలను ఒకే ముడి వేసి పంపారు. ఆయన ఎక్కడ పోయాడన్నది ఒకటి, ఎలాంటివాడన్నది ఇంకొకటి. మొదటిది తేలకుండా రెండోదాని జోలికి వెళ్లకండి. డర్బన్ ఆవిడ ముత్తాత, మీ ముత్తాత ఒక్కరేనని ఇంకా ఎక్కడా రుజువు కాలేదు. అప్పుడే మీ ఉత్తరం నిండా ఆయన మీద కోపం. రేపు అదంతా ఎవరో పరాయి మనిషి మీద పడిన కోపమని తేలితే?

నా అంచనా ముందే చెప్పేస్తాను, తర్వాత నచ్చకపోతే తిట్టుకోండి. 1899 చావును పక్కన పెట్టేయొచ్చు. 1931లో పోయిన మనిషి మీవాడు కాకపోవడానికే ఎక్కువ అవకాశం. 1902 తిరుగు ప్రయాణం ఆయనదే కావచ్చు. ఇంట్లో చెప్పుకునే సముద్రపు చావును మాత్రం అప్పుడే కొట్టిపారేయకండి.

ముందు ఆ నాలుగు వంశవృక్షాల సంగతి. మీరు పంపిన లింకులన్నీ చూశాను. నాలుగింటిలోనూ తండ్రి పేరు ‘నరసమ్మ’ అని ఉంది. నరసయ్యను నరసమ్మగా చదవడం ఒక్కరికి పొరపాటున జరుగుతుంది, నలుగురికి విడివిడిగా జరగదు. అంటే ఒకరు రాశారు, మిగతా ముగ్గురూ చూచిరాత రాశారు. ఆ మొదటివారైనా అసలు కాగితం ఫొటో జతచేశారా అంటే అదీ లేదు. అందుకని నాలుగు సాక్ష్యాలున్నాయని లెక్కపెట్టుకోకండి. ఉన్నది ఒక్క నోరు, ఆ నోటికి ఈ మాట ఎవరు చెప్పారో తెలియదు. పైగా 1899లో పోయిన ఆ అప్పన్న వయసు 35 అని వాళ్లే రాశారు. మీవాడికి అప్పటికి 27. ఆ రోజుల్లో వయసులు చూపు అంచనాతో రాసేవే, రెండు మూడేళ్ల తేడా నేను పట్టించుకోను. ఎనిమిదేళ్లంటే పట్టించుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. నెటాలు కాగితాల్లో మనిషిని పట్టిచ్చేది పేరు కాదు, నంబరు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911లో ఈ కూలీల ఎగుమతి ఆగిపోయేదాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా వెళ్లారు. దిగిన ప్రతి ఒక్కరికీ, చంటిపిల్లలతో సహా, వరసగా ఒక నంబరు. పేరు ఎలా పలికితే గుమాస్తా అలా గీకేవాడు గానీ నంబరు జాగ్రత్తగా రాసేవాడు, ఎందుకంటే జీతాల లెక్కా, ఒప్పందం గడువూ దానిమీదే నడిచేవి. తోట మారినా, చీటీ లేకుండా బయట తిరిగి పట్టుబడినా, వలస కూలీల రక్షకాధికారి దగ్గర పెళ్లి నమోదు చేయించుకున్నా, చచ్చిపోయినా, తిరుగు ఓడ ఎక్కినా ఆ నంబరే.

మీరు పంపిన ఓడ జాబితా స్క్రీన్‌షాట్‌లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. ఎడమ చివరి గడి ఒక్కటే కత్తిరించుకుపోయింది. నంబరు ఉండేది సరిగ్గా ఆ గడిలోనే! నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చినంత పనైంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. మన కళ్లు పేరు మీదికే పోతాయి.

నేనూ అందుకు మినహాయింపు కాదు. మా అమ్మ తరఫు పెద్దాయన ఒకరి కోసం వెతుకుతూ రెండేళ్లు ఇంకెవరి వెంటో తిరిగాను. పేరు అదే, తండ్రి పేరు అదే, ఊరు కొత్తవలస. ఇంకేం కావాలి అనుకున్నాను. చుట్టాలందరికీ ఉత్తరాలు రాశాను, ఒక పిన్ని ఏడ్చింది కూడా. తీరా చూస్తే తాలూకా వేరు. కొత్తవలసలూ కొత్తపల్లెలూ మన దగ్గర ఎన్ని లేవు! అందరికీ మళ్లీ ఉత్తరాలు రాయాల్సొచ్చింది, ఆయన మనవాడు కాడహో అని.

పేరు ఎందుకు మోసం చేస్తుందంటే, మీ వైపు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉందా? అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం. ఒకే ఓడలో ముగ్గురు నలుగురు అప్పన్నలున్నా నేను ఆశ్చర్యపోను. మన ఇంటిపేరు ఉంటే సులువుగా విడదీసేవాళ్లం గానీ ఆ జాబితాల్లో ఇంటిపేరుకు గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, అంతే. దక్షిణాఫ్రికాలో తెలుగు కుటుంబాలకు ఇవాళ ఉన్న ఇంటిపేర్లలో చాలావరకు ఇలా పుట్టినవే: తండ్రి పేరో కులం బిరుదో కాగితం మీద పడి, తర్వాతి తరానికి ఇంటిపేరై కూచుంది. అందుకే మీ ఇంటిపేరుతో డర్బన్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దొరకదు.

తండ్రి పేరులో నరసయ్య, నరసింహులు తేడా గురించి బెంగపడకండి. ఇంట్లో నరసయ్య, పెళ్లి పత్రికలో నరసింహులు, అలాంటివాళ్లు నాకే నలుగురు తెలుసు. ఆ తేడా ఇద్దరూ వేరని చెప్పదు, ఒకరేనని అంతకన్నా చెప్పదు.

చికాకోలు మాత్రం ఆలోచించాల్సిందే. చికాకోలంటే శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా వేరు పడేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. మీ గజపతినగరం విశాఖపట్నం జిల్లా. విజయనగరం జిల్లా అనేది 1979 దాకా లేనే లేదు, కాబట్టి పాత కాగితాల్లో మీ జిల్లా పేరు వెతికి లాభం లేదు. మీ ఓడ జాబితాలో విశాఖపట్నం అని స్పష్టంగా ఉంది. డర్బన్ కుటుంబం చికాకోలు అంటోంది. ఊరు తప్పుగా గుర్తుండటం మామూలే గానీ, మనుషులు సాధారణంగా చిన్న పల్లె పేరు మర్చిపోయి దగ్గరున్న పెద్ద ఊరి పేరు చెబుతారు. గజపతినగరం వాడైతే విజయనగరం అంటాడు. చికాకోలు దాకా ఎందుకు పోతాడు?

ఇక 1931 మరణపత్రం. దాన్ని చదవడంలో ఒక కిటుకుంది. ఏ కాగితమూ మొత్తానికి మొత్తం నిజమో అబద్ధమో కాదు, గడి గడికీ వేరు వేరు సాక్షి ఉంటాడు. కింద సమాచారం ఇచ్చినవారు ఎవరో చూడండి: కొడుకు. ఆ కొడుకు నెటాలులో పుట్టినవాడు. తండ్రి ఏ రోజు పోయాడు, ఏ జబ్బుతో, ఎక్కడ అన్నది అతను కళ్లారా చూసి చెప్పాడు, ఆ గడుల్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. తాత పేరు, ఊరు, వయసు అతను చూసినవి కావు, నాన్న ఎప్పుడో చెప్పగా విన్నవి. నెటాలులో ఒక అప్పన్న 1931లో పోయాడన్నది గట్టి మాట. ఆయన నరసింహులు కొడుకన్నది మెత్తటి మాట.

ఆవిడను ఒక్కటే అడగండి: మీ ముత్తాత నంబరు ఉందా? పాత పాసు, పెళ్లి నమోదు కాగితం, పన్ను రసీదు, ఏదైనా సరే ఇంట్లో ఎవరో దాచి ఉంటారు. నంబర్లు వరసలో ఇచ్చారు కాబట్టి తక్కువ నంబరంటే ముందు దిగినవాడు. ఆవిడ ముత్తాతది మీ 1896 జాబితా నంబరు కాకుండా దానికన్నా ముందుదో వెనకదో అయితే, కథ అక్కడితో ఐపోతుంది. 1902 తర్వాత దిగినవాడి నంబరైతే మాత్రం తొందరపడకండి, తిరిగొచ్చి మళ్లీ వెళ్లాడేమో చూడాలి.

ఆ పన్ను గురించి చెప్పాలి, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకు కాస్త జవాబు అందులో ఉంది. 1895లో నెటాలు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆ తర్వాత వచ్చిన కూలీ ఐదేళ్ల ఒప్పందం అయ్యాక మళ్లీ ఒప్పందానికి లొంగాలి, లేదా ఇండియా తిరిగి వెళ్లాలి, రెండూ కాదంటే ఏడాదికి మూడు పౌన్లు కట్టాలి. జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏడాదికొకటి చొప్పున పెరిగి ఐదో ఏడుకు పద్నాలుగు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది లెక్కన ఆరు నెలల జీతం! పదహారు దాటిన మగవాడికి, పదమూడు దాటిన ఆడపిల్లకు కూడా ఈ పన్ను వేశారు. 1914 దాకా అది పోలేదు. మీ అప్పన్న 1896లో దిగాడు, చట్టం ఆయనకూ తగిలి ఉండొచ్చు. ఒప్పందం 1901లో ముగిసింది. 1902లో తిరుగు ఓడ. వయసు 29 అని రాశారు, లెక్క ప్రకారం 30. ఇంతకన్నా బాగా అతికే కాగితం మీ దగ్గర ఇంకోటి లేదు. తిరుగు జాబితాలో నంబరు కనిపిస్తోంది, నేను రాసిపెట్టుకున్నాను. మొదటి జాబితాలోని ఆ కత్తిరించిన గడిలో అదే నంబరు ఉంటే 1899 చావు రాలిపోతుంది, మళ్లీ నెటాలు వెళ్లి ఉంటే తప్ప 1931 చావూ దాంతోపాటే రాలిపోతుంది.

అప్పుడు వచ్చే ప్రశ్న ఇంకా కష్టమైనది. మద్రాసు ఓడ ఎక్కినవాడు ఇంటికెందుకు రాలేదు?

జాబితాలో ఉన్నది డర్బన్‌లో ఓడ ఎక్కినవాళ్ల పేర్లు. అందులో పేరున్నంత మాత్రాన మద్రాసులో దిగాడని కాదు. తిరుగు ఓడల్లో కష్టపడి నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాళ్లతో పాటు ఒళ్లు చెడి ఇక పనికిరారని పంపేసినవాళ్లూ ఉండేవారు. దారిలో పోయినవాళ్లున్నారు. మీ ఇంటి మాట గుర్తు చేసుకోండి: ఓడలో పోయాడు, సముద్రంలో వేశారు. ఎటు వెళ్లే ఓడలో అని మీ ముత్తవ్వ చెప్పిందా? మూడు తరాలు చేతులు మారేసరికి వచ్చేటప్పటి ఓడ వెళ్లేటప్పటి ఓడగా మారడం పెద్ద వింతేమీ కాదు. ఇది నా ఊహే, రుజువు కాదు. కానీ ఇంటి మాటను అబద్ధమనే ముందు దిక్కు తిప్పి చూడమంటాను.

ఇంకో దారి కూడా ఉంది. మద్రాసులో దిగి, అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు. చేతిలో డబ్బు లేక ఊరికి మొహం చూపించలేక మళ్లీ ఒప్పందం మీద ఓడ ఎక్కినవాళ్లూ ఉన్నారు. దారి లేక ఆగిపోయాడనడానికి మాత్రం లేదు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లోనే తెరిచారు, మద్రాసులో రైలెక్కితే విజయనగరంలో దిగొచ్చు. మీ పెద్దత్త ‘రంగంలో (అంటే రంగూన్‌లో) ఎవరో చూశామన్నారు’ అని చెప్పిందని రాశారు. కోపం తెచ్చుకోవద్దని చెప్పండి, ఉత్తరాంధ్రలో తప్పిపోయిన ప్రతి మగవాణ్ణీ ఎవరో ఒకరు రంగంలో చూసే ఉంటారు. కాకినాడ నుంచి, భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి అంతమంది రంగూను వెళ్లారు మరి. అయినా ఆ మాట ఎప్పుడు, ఎవరి నోట విన్నదో ఆవిడ చేతే చెప్పించి రాసుకోండి.

పెద్దత్తకు తొంభై అన్నారు. డర్బన్ కాగితాలు ఎక్కడికీ పోవు, ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. ‘తాతెలా పోయాడు’ అని అడగొద్దు. అడిగితే సముద్రం కథే మళ్లీ వస్తుంది. పక్కనుంచి అడగండి. మామ్మ బొట్టు, గాజులు ఎప్పుడు తీసేసింది? తాత పోయాడన్న కబురు ఎవరు తెచ్చారు, అప్పటికి అబ్బాయికి ఎన్నేళ్లు, నడిచేవాడా, బడికెళ్లేవాడా? ఆయనకు కర్మ చేశారా, చేస్తే ఎవరు కూర్చున్నారు? శవం లేకుండా దర్భలతో మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉంది. అలా చేశారంటే ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఆశ వదులుకున్నారని అర్థం. కబురు స్పష్టంగా వచ్చి ఉంటే అన్నేళ్లు ఆగేవారు కాదు. తద్దినం పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఏ తిథికి పెడుతున్నారో చూడండి. అమావాస్యకో బహుళ ఏకాదశికో పెడుతుంటే పోయిన తిథి తెలియదని మీ పెద్దలే ఒప్పుకున్నట్టు. మరేదైనా తిథి అయితే ఆ తిథి వాళ్లకు ఎలా తెలిసింది? సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరు మొదటిసారి ఏ ఏడు పలికారో గుర్తున్నవాళ్లు ఇప్పుడు ఎవరూ ఉండకపోవచ్చు గానీ, అడగడంలో తప్పులేదు.

భూమి సంగతి కూడా ఆవిడనే అడగండి. ముత్తవ్వ ఎప్పుడైనా చెక్క అమ్మిందా, తాకట్టు పెట్టిందా? రిజిస్టరు దస్తావేజు ఉంటే అందులో ఆవిడను ఎలా రాశారో చూడండి. ‘ఫలానావాడి భార్య’ అనా, ‘కీర్తిశేషుడైన ఫలానావాడి భార్య’ అనా, ‘దేశాంతరం పోయిన’ అనా. 1872 సాక్ష్య చట్టం ప్రకారం ఏడేళ్లు అయినవాళ్లెవరికీ ఆచూకీ తెలియకుండా పోతే మనిషి చనిపోయినట్టు భావించేవారు. ఆ లెక్క కోసమే చాలామంది ఆడవాళ్లు కాగితం మీద విధవలయ్యారు. బతుకు గడవడానికి ఇంట్లో ‘పోయాడు’ అని తేల్చుకున్న మాట, తర్వాతి తరానికి కళ్లారా చూసిన వార్తలా చేరుతుంది. మీ ముత్తవ్వ అబద్ధమాడిందని అనడం లేదు. చెరో పక్కా లాగుతున్న బావలు, మరుదుల మధ్య, చంకలో పిల్లాడితో ఆవిడకు ఏదో ఒక తేదీ కావాలి.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుందామని డర్బన్ ఆవిడ అన్నదని రాశారు. చేయించుకోండి, కానీ మీరు కాదు, మీ నాన్నగారిచేత. ఆ ఇద్దరు అప్పన్నలూ ఒకరే అయి, భార్యలు మాత్రం వేరైతే, మీకూ ఆవిడకూ ఉమ్మడిగా ఉండేది సగటున ఒకటిన్నర శాతం. నాన్నగారైతే దానికి రెట్టింపు, గుర్తుపట్టడం తేలిక. ఒక జాగ్రత్త. మీ వైపు తరతరాలుగా మేనరికాలే కదా. ఒకే కులం, నాలుగు ఊళ్ల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడం. అలాంటి చోట ఏ ఇద్దరిని పరీక్షించినా ఎంతో కొంత కలుస్తుంది. కలిసింది కదా అని ఒక శాతానికి ‘ఈయనే మా ముత్తాత’ అనేయకండి. నంబర్లు చెప్పేదాకా డీఎన్‌ఏ సగం మాటే చెబుతుంది. ఆవిడతో మాత్రం తగువు పెట్టుకోకండి. ఆవిడా మీలాగే ఒక ముసలాయన కోసం వెతుకుతోంది.

వెతకాల్సిన చోట్లు: ఓడ జాబితాల అసలు పుస్తకాలు డర్బన్‌లో ఉన్నాయి, అక్కడి క్వాజులు-నెటాల్ విశ్వవిద్యాలయం పత్రాల కేంద్రం ద్వారా వాటిని చూడొచ్చు. టైపు చేసిన పట్టికతో సరిపెట్టుకోకుండా పుస్తకం పేజీ ఫొటో అడగండి. చివర పుట్టుమచ్చలు, గాయాల మచ్చలు రాసే గడి ఉంటుంది. ఆ ముక్క చదివి పెద్దత్తకు వినిపించండి, ఏమంటుందో చూద్దాం. అంచుల్లో తర్వాత ఎవరైనా ఏమైనా గీకారేమో కూడా చూడండి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ పత్రాగారంలో వలస కూలీల శాఖ ఫైళ్లున్నాయి: ఫిర్యాదులు, అర్జీలు, మా వాడు ఎక్కడున్నాడో చెప్పండని రాసుకున్న ఉత్తరాలు. వాటి సూచిక ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు, అప్పన్నను ఎన్ని రకాలుగా పలకొచ్చో అన్ని రకాలుగా వెతకండి. మద్రాసులో దిగిన తర్వాతి సంగతికి ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారం. అక్కడ ఓపిక కావాలి, ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు.

ఆయన మోసం చేశాడా అన్నారు. 1902లో తిరుగు ఓడ ఎక్కింది ఆయనే అయితే, ఐదేళ్ల ఒప్పందం తీరాక ఇంటివైపే బయల్దేరాడు. అంతవరకు నేను చెప్పగలను. ఆయన కాకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

పిండం కోసం ఇదంతా తేలేదాకా ఆగనక్కర్లేదు. పిఠాపురం పాదగయలో పురోహితుడు గోత్రం, పేరు, వరస అడుగుతాడు, మరణపత్రం అడగడు. ఎనభై దాటిన మనిషి పెట్టిస్తానంటున్నప్పుడు నంబరు కోసం ఆపడం నాకైతే బాగోలేదు. ఈ వారమే తీసుకెళ్లండి. దారిలో వీలు చూసుకుని ఆ 1896 పేజీ మళ్లీ తెరిచి, ఎడమ గడి కనపడేలా ఇంకో స్క్రీన్‌షాట్ తీసి పంపండి.